అప్పగింతల దగ్గర ఆగిపోని డిస్క్: డీవీడీస్టైలర్, ఇమేజ్‌బర్న్ జోడీ రివ్యూ

పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా, కడప చుట్టుపక్కల డిస్క్ కూడా అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో టీవీ కింద పాత ప్లేయర్ ఉంటుంది. జమ్మలమడుగులో అవ్వకు రిమోట్‌లో ప్లే బటన్ ఒక్కటే తెలుసు. డిస్క్ పెట్టగానే మెనూ రావాలి, బొమ్మ పడాలి, చివరిదాకా ఆగకుండా ఆడాలి. పైసా ఖర్చు లేకుండా ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి. మెనూ కట్టి డీవీడీ తయారుచేసేది డీవీడీస్టైలర్. తయారైనదాన్ని డిస్క్ మీదికి ఎక్కించేది ఇమేజ్‌బర్న్. పేరు రాతలో ఐ, ఎం, జి, ఆ పక్కనే బర్న్ అని ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. డీవీడీస్టైలర్‌తో డిస్క్ కట్టండి, బర్న్ మాత్రం దానితో చేయకండి. ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) వచ్చేదాకే దాని పని, అక్కణ్నుంచి ఇమేజ్‌బర్న్‌ది. డీవీడీస్టైలర్‌లో బర్న్ బటన్ ఉంది, అది పనిచేస్తుంది కూడా. తంటా అంతా ఎర్రర్ వచ్చినప్పుడే. తప్పు వీడియో ఫైల్‌లో ఉందా, ఖాళీ డిస్క్‌లో ఉందా, డిస్క్ రాసే డ్రైవ్, అంటే రైటర్‌లో ఉందా అన్నది ముందు తేలాలి. అన్నీ ఒకే బటన్‌కు అప్పగిస్తే గంటలకొద్దీ ఎన్‌కోడ్ (వీడియోను డీవీడీ పద్ధతిలోకి మార్చడం) అయ్యాక చివర్లో ఎర్ర అక్షరాలు కనబడతాయి, కారణం మాత్రం అంతుబట్టదు. ఐఎస్ఓ చేతిలో ఉంటే పోయేది ఒక ఖాళీ డిస్కు, పది నిమిషాలు. అదే ఐఎస్ఓ నుంచి ఎన్ని కాపీలైనా తీయొచ్చు, మళ్లీ ఎన్‌కోడ్ చేసే పని లేదు.

విండోస్‌లో ఉండే డీవీడీ మేకర్ చాలదా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అది విస్టాలోనూ విండోస్ 7లోనూ ఉండేది, విండోస్ 8 నుంచి తీసేశారు. ఇప్పటి విండోస్ 10, 11లో ఐఎస్ఓ ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే బర్న్ డిస్క్ ఇమేజ్ అని వస్తుంది. డిస్క్ ఎక్కించడానికి అదీ పనికొస్తుంది కానీ, వేగం మన చేతిలో ఉండదు, ఎర్రర్ వస్తే కారణం విప్పి చెప్పదు. ఎర్రర్లు వెతకాల్సిన చోట అది గుడ్డి దీపం.

డీవీడీస్టైలర్ ఉచితం, సోర్స్ కోడ్ బయట పెట్టిన సాఫ్ట్‌వేర్. లోపల వీడియో మార్చే పని ఎఫ్ఎఫ్ఎంపెగ్, డిస్క్ నిర్మాణం కట్టే పని డీవీడీఆథర్, ఐఎస్ఓ చేసే పని ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్ చూసుకుంటాయి. డీవీడీస్టైలర్ వాటన్నిటినీ నడిపే మేస్త్రీ లాంటిది. ఈ సంగతి గుర్తుంటే ఎర్రర్ చదవడం తేలికవుతుంది. ఎందుకంటే ఎర్ర అక్షరాల్లో కనబడే మాట చాలాసార్లు మేస్త్రీది కాదు, లోపలి కూలీలలో ఒకరిది.

కొత్త ప్రాజెక్ట్ తెరవగానే వచ్చే చిన్న కిటికీలోనే సగం తలనొప్పులు పుడతాయి. డిస్క్ కెపాసిటీ దగ్గర 4.7 జీబీ పెట్టండి. వీడియో ఫార్మాట్ పాల్, అంటే 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. మన టీవీలు, ప్లేయర్లు అలవాటుపడింది దానికే. యాస్పెక్ట్ రేషియో 16:9. పాత హ్యాండీక్యామ్ టేపుల నుంచి తీసినదైతే మాత్రం 4:3. ఆడియో ఏసీ3, ఎంపీ2 కూడా ఉంది కానీ ఏసీ3 పలకని డీవీడీ ప్లేయర్ ఉండదు. డిస్క్ లేబుల్ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, 32 అక్షరాలు దాటకుండా రాయండి. వీడియో ఫైళ్ల పేర్లూ ఫోల్డర్ల పేర్లూ అలాగే ఉండాలి. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌లో, అపాస్ట్రఫీ గుర్తున్న ఫైల్ పేరుతో పని మొదలుపెడితే లోపలి సాధనాల్లో ఏదో ఒకటి మొరాయిస్తుంది. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో నేరుగా ఒక చిన్న ఫోల్డర్ చేసుకుని అన్నీ అందులోకి తెచ్చుకోవడం మేలు.

బిట్‌రేట్, అంటే సెకను వీడియోకు వాడే డేటా, ఆటోలో వదిలేయొచ్చు. కాకపోతే లెక్క తెలిసి వదలండి. సింగిల్ లేయర్ (ఒకే పొర) డిస్క్‌లో పట్టేది 470 కోట్ల బైట్లు. విండోస్ దాన్నే 4.37 జీబీ అని చూపిస్తుంది. అట్ట మీద 4.7 అని ఉండి కంప్యూటర్‌లో 4.37 కనబడటం మోసమేమీ కాదు. ఒకరు వెయ్యితో భాగిస్తే ఇంకొకరు 1024తో భాగిస్తారు, అంతే తేడా. ఆ చోటును నిడివితో భాగిస్తే, ఆడియోకూ అదనపు ఖర్చుకూ కొంత పోగా, గంటన్నర వీడియోకు సెకనుకు సుమారు 6,400 కిలోబిట్లు వస్తాయి. రెండు గంటలకు 4,800. మూడు గంటలకు 3,100. చివరి లెక్కలో పూలజడలోని పూలు ముద్దగా కనిపిస్తాయి, తలంబ్రాల దగ్గర తెరంతా గళ్లు గళ్లుగా పగిలిపోతుంది, ఎందుకంటే చెల్లాచెదురుగా కదిలే బియ్యపు గింజలు డీవీడీ వీడియోను కుదించే ఎంపెగ్-2 పద్ధతికి బద్ధశత్రువులు. మూడు గంటల పెళ్లిని రెండు డిస్కులు చేయడమే మంచిది. ఇక నిడివి తక్కువైతే అతి చేయకండి. డీవీడీ నియమం ప్రకారం వీడియో 9,800 దాకా పోవచ్చు కానీ, ఇంట్లో బర్న్ చేసిన డిస్క్‌ను పాత ప్లేయర్ చదివేటప్పుడు ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఆగి ఆగి ఆడుతుంది. నలభై నిమిషాల ఓణీల ఫంక్షన్‌కు ఆటో తీసేసి 7,000 పెట్టండి. కంటికి తేడా తెలియదు, ప్లేయర్ మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది.

మెనూ విషయంలో డీవీడీస్టైలర్‌కు మంచి మార్కులు. సిద్ధంగా ఉన్న నమూనాలు పాత కాలపువే అయినా, మనమే బొమ్మ తయారుచేసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకోవచ్చు. 16:9 కైతే 1024 బై 576 కొలతలో చేసుకోండి, సాగదీసినట్టు కాకుండా సరిగ్గా కూర్చుంటుంది. తెలుగు శీర్షికలు ఆ బొమ్మలోనే రాసేసి, బటన్లకు ఉత్త బాణం గుర్తులో చిన్న ఫొటోలో వాడితే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయన్న బెంగ ఉండదు. పాత గాజు టీవీలు బొమ్మ అంచుల్ని కోసేస్తాయి కాబట్టి నాలుగు వైపులా పదో వంతు ఖాళీ వదలండి.

సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోలు నేరుగా లోపల వేయకండి. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చేస్తూ పోతుంది. డీవీడీకి కావాల్సింది కచ్చితంగా 25. మార్పిడిలో మొదట సరిగానే ఉన్న మాట, పావుగంట గడిచేసరికి పెదవుల కంటే వెనకబడుతుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఫ్రేమ్‌రేట్ 25, కాన్‌స్టాంట్ ఎంచుకుని, ఆడియో 48 కిలోహెర్ట్జ్ చేసి ఆ ఫైల్‌ను వాడండి. నిలువుగా తీసినవి పక్కల నల్ల పట్టీలతో వస్తాయి. దానికి మందు లేదు. పాత టేపులతో ఇంకో రకం చిక్కు: ఫీల్డ్ ఆర్డర్, అంటే ఒక్కో ఫ్రేములోని సరి, బేసి గీతల్లో ఏవి ముందు రావాలన్న వరస. మినీ డీవీ టేపు బాటమ్ ఫీల్డ్ ముందు వచ్చేలా రాసి ఉంటుంది. దాన్ని టాప్ అనుకుని ఎన్‌కోడ్ చేస్తే, నిలకడగా ఉన్న దృశ్యాలు బాగానే ఉంటాయి, ఎవరైనా నడిస్తే మాత్రం బొమ్మ వణుకుతుంది. కంప్యూటర్‌లో చూస్తే ఇది పట్టుబడకపోవచ్చు, టీవీలో చూడాలి.

బర్న్ కిటికీ తెరిస్తే జస్ట్ జనరేట్, క్రియేట్ ఐఎస్ఓ ఇమేజ్, బర్న్ అని కనబడతాయి. రెండోది ఎంచుకోండి. టెంపరరీ డైరెక్టరీ అనేచోట ఖాళీ ఫోల్డరే చూపించండి, ఇంకేవైనా ఫైళ్లున్న ఫోల్డర్ ఇవ్వొద్దు. ఒక డిస్క్‌కు 15 జీబీ ఖాళీ చూసుకోండి. మార్చిన వీడియో ఒకసారి, డిస్క్ రూపంలో ఒకసారి, ఐఎస్ఓగా ఇంకోసారి, మొత్తం మూడు కాపీల చోటు కావాలి మరి. ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి చేయించబోతే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ ఫైల్ అందులో పట్టదు. హార్డ్‌డిస్క్‌లోకే చేయించండి.

ఈ దశలో వచ్చే ఎర్రర్లలో రెండింటి సంగతి చెప్పుకోవాలి. ఎర్రర్ ఎగ్జిక్యూటింగ్ ఆఫ్ కమాండ్ అని వస్తే అది రోగం పేరు కాదు, జ్వరం ఉందని చెప్పడం మాత్రమే. దానికి పైన ఉన్న నాలుగైదు వరుసలు చదవండి, అసలు మాట అక్కడుంటుంది. డిస్క్ నిండిందనో, ఫైల్ తెరవలేకపోయాననో చెబుతుంది. ఇక ఎస్‌సీఆర్ మూవ్స్ బ్యాక్‌వర్డ్స్, రీమల్టిప్లెక్స్ ఇన్‌పుట్ అని వస్తే అది డీవీడీఆథర్ గొంతు. వీడియోలో కాలం గుర్తులు వెనక్కి నడిచాయని అర్థం. రెండు మూడు ఎంపెగ్ ముక్కలను ఎడాపెడా అతికించిన ఫైల్‌లోనో, టీవీ రికార్డింగుల నుంచి తీసిన ఫైల్‌లోనో ఇది వస్తుంది. అప్పటికే ఎంపెగ్-2గా ఉన్న ఫైల్‌ను డీవీడీస్టైలర్ మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు తీసుకోవడమే దీనికి మూలం. ఆ వీడియో ప్రాపర్టీస్‌లో వీడియో ఫార్మాట్ కాపీ అని ఉంటుంది. దాన్ని పాల్‌కు మార్చండి. సమయం పెరుగుతుంది, ఎర్రర్ పోతుంది.

ఐఎస్ఓ వచ్చాక డిస్క్ పెట్టడానికి తొందరపడకండి. వీఎల్‌సీలో ఆ ఐఎస్ఓ తెరిచి ప్రతి బటన్ నొక్కి చూడండి. అధ్యాయాలు దాటండి, చివరి ఐదు నిమిషాలు ఆడించండి. ఇక్కడ సరిగ్గా ఉంటే, ఆ తర్వాత వచ్చే తప్పు ఏదైనా డిస్క్‌దో రైటర్‌దో ప్లేయర్‌దో. జోడీగా వాడమని చెప్పింది ఈ ఒక్క లాభం కోసమే.

ఇమేజ్‌బర్న్ చివరి వెర్షన్ 2.5.8.0, వచ్చింది 2013లో. తర్వాత కొత్తది రాలేదు. పాతదని భయపడనక్కర్లేదు, విండోస్ 11లోనూ నడుస్తుంది. బర్నింగ్‌లో అప్పటి నియమాలే ఇప్పటికీ ఉన్నాయి, మారిందేమీ లేదు. అయితే ఒక మచ్చ ఉంది. దాని ఇన్‌స్టాలర్‌లో ఓపెన్‌క్యాండీ అనే ప్రకటనల సరుకు కలిపి పంచారు, చాలా యాంటీవైరస్‌లు దాన్ని పట్టుకుంటాయి. ఉచితంగా ఇచ్చే మంచి సాఫ్ట్‌వేర్‌కు ఇది తగని పని. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా కస్టమ్ ఎంచుకుని, సంబంధం లేని సరుకు కనబడిన ప్రతిచోటా టిక్ తీసేయండి.

తెరిచాక ఆరు పెద్ద బొమ్మలు కనిపిస్తాయి. మనకు కావాల్సింది రైట్ ఇమేజ్ ఫైల్ టు డిస్క్. సోర్స్‌లో ఐఎస్ఓ, డెస్టినేషన్‌లో రైటర్ చూపించి, వెరిఫై (రాసినదాన్ని చదివి ఐఎస్ఓతో సరిచూడటం) దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. రైట్ స్పీడ్ 8ఎక్స్. అట్ట మీద 16ఎక్స్ అని ఉన్నా 8 చాలు. డీవీడీ లోపలి నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది. బయటి అంచుకు వచ్చేసరికి 16ఎక్స్‌లో డిస్క్ ఊగిసలాట ఎక్కువ. రంగు పూత పలచబడేదీ, చేతి వేళ్ల గుర్తులు పడేదీ కూడా ఆ అంచు దగ్గరే. వీడియో చివర ఉండేవి అప్పగింతలు. మెనూ, స్నాతకం, తలంబ్రాలు అన్నీ బాగా ఆడి, సరిగ్గా పిల్లను అప్పగించే చోట బొమ్మ నిలబడిపోయిందంటే కారణం ఇదే. 8ఎక్స్‌లో నిండు డిస్క్‌కు 8 నుంచి 10 నిమిషాలు, 16లో ఐదారు. ఆ మూడు నాలుగు నిమిషాల కోసం డిస్క్‌ను పణంగా పెట్టకండి. అలాగని 2ఎక్స్‌కు దించితే ఇంకా బాగుంటుందనుకోవడమూ పొరపాటే. 16ఎక్స్ డిస్కుల పూత వేగానికి తగ్గట్టు తయారైంది, మరీ నెమ్మదిగా కాలిస్తే గుర్తులు చెదురుతాయి. అంచు భయం పూర్తిగా పోవాలంటే ప్రాజెక్ట్‌ను 4.37 దాకా నింపకుండా 4.2 దగ్గర ఆపేయండి.

ఇప్పుడు అసలు సంగతి: ఇమేజ్‌బర్న్ ఎర్రర్ కిటికీ. ఇది భయపెట్టేలా ఉంటుంది కానీ ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనమంతా అక్కడే ఉంది. ఐ/ఓ ఎర్రర్ అని పెద్దగా రాసి, కింద సెన్స్ ఏరియా పక్కన అంకెల వరుస, దాని కింద ఇంటర్‌ప్రెటేషన్ అని ఒక వాక్యం ఉంటాయి. ఆ వాక్యమే చదవండి, మిగతాది వదిలేయండి.

పవర్ క్యాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్, అంకెల్లో 73 పక్కన 03. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. రాసే ముందు రైటర్ డిస్క్ లోపలి అంచులో ఒక చిన్న చోట లేజర్‌ను కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ పరీక్ష చేసుకుంటుంది, వంటకు ముందు మంట సరిచూసుకున్నట్టు. ఎంత పెంచినా గుర్తు సరిగా పడకపోతే ఈ ఎర్రర్ ఇస్తుంది. అసలు రాత ఇంకా మొదలు కాలేదు కాబట్టి డిస్క్ చాలాసార్లు ఖాళీగానే మిగులుతుంది, ఒకసారి బయటికి తీసి మళ్లీ పెట్టి చూడొచ్చు. కారణాలు మూడు. లెన్స్ మీద దుమ్ము, లేజర్ అలసిపోవడం, కరెంటు చాలకపోవడం. నాలుగోది కూడా ఉంది, నాసిరకం డిస్క్. దేని పని ఏదో తేల్చే పరీక్ష ఇది: వేరే కంపెనీ డిస్క్ పెట్టి చూడండి. అదీ ఫెయిలైతే డిస్క్ తప్పు కాదు. సీడీ బర్న్ చేసి చూడండి. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, రెండూ వేర్వేరు. సీడీ బాగా రాసి డీవీడీ రాయకపోతే డీవీడీ లేజర్ పోయినట్టే. డీవీడీలు చదవడం మాత్రం బాగానే చేస్తుంది, ఎందుకంటే చదవడానికి కావాల్సిన మంట చాలా చిన్నది. అది చూసి రైటర్ బాగుందని మోసపోకండి.

కరెంటు విషయం ల్యాప్‌టాప్ వాళ్లు గమనించాలి. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 అయితే 900. పలచటి ఎక్స్‌టర్నల్ రైటర్ చదివేటప్పుడు దీనితో సరిపెట్టుకుంటుంది. బర్న్‌కు లేజర్ పెంచి, మోటారు వేగం అందుకునే క్షణంలో అంతకు మించి లాగుతుంది. హబ్‌కు తగిలించినా, డెస్క్‌టాప్ ముందువైపు పోర్ట్‌కు తగిలించినా, పొడుగాటి కేబుల్ వాడినా మధ్యలో చచ్చిపోతుంది. వెనక పోర్ట్‌కు, రైటర్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే పెట్టండి. రెండు మొనల కేబుల్ ఇస్తే రెండూ గుచ్చండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టే ఉండాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా డిస్క్ బర్న్ మొదలుపెట్టకండి. ఒక్కసారే రాయగల డీవీడీ-ఆర్‌లో సగం రాసిన డిస్క్‌ను మళ్లీ కొనసాగించే దారి లేదు.

రైట్ ఎర్రర్ అని మాత్రమే వచ్చి, అది డిస్క్ మధ్యలోనో చివరలోనో వస్తే పూత లోపమో దుమ్మో అయ్యుంటుంది. మళ్లీ మళ్లీ ఒకే శాతం దగ్గర వస్తే ఆ కట్టలో డిస్కులన్నీ అలాంటివే అనుకోండి. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే రైటర్, కేబుల్ అనుమానించండి. ఇంకో సంగతి, వరసగా పది కాపీలు తీసేటప్పుడు ఆరోదో ఏడోదో ఫెయిలవుతోందంటే రైటర్ వేడెక్కింది. కడప ఎండాకాలంలో గదే నలభై డిగ్రీల దగ్గర ఉంటే క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. ప్రతి రెండు డిస్కులకూ పది నిమిషాలు ట్రే తెరిచి పెట్టండి. పని పొద్దున్నే పెట్టుకుంటే ఇంకా మంచిది.

సెషన్ ఫిక్సేషన్ ఎర్రర్ (72, 00) అన్నిటికంటే కడుపుమంట పుట్టించేది, ఎందుకంటే అది వంద శాతం అయ్యాక వస్తుంది. వీడియో అంతా డిస్క్ మీద పడింది, ముగింపు ముద్ర పడలేదు. టూల్స్, డ్రైవ్, క్లోజ్ అన్న వరుసలో డిస్క్ మూసే ఆజ్ఞ ఉంది, ఒకసారి ప్రయత్నించండి. మూసుకుంటే వెరిఫై చేసి చూడండి. మూసుకోకపోతే ఆ డిస్క్ రాసిన రైటర్‌లో ఆడుతుంది గానీ బయటి ప్లేయర్‌లో నమ్మకం లేదు, ఎవరికీ ఇవ్వకండి.

లాజికల్ బ్లాక్ అడ్రస్ అవుట్ ఆఫ్ రేంజ్ అంటే చోటు దాటి రాయబోయిందని. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఖాళీ డీవీడీల్లో మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు. మైనస్ ఆర్‌లో 22,98,496 సెక్టార్లు, ప్లస్ ఆర్‌లో 22,95,104. సెక్టార్ 2048 బైట్లు. అంటే మైనస్‌లో ఆరున్నర ఎంబీ ఎక్కువ పడుతుంది. మైనస్‌కు నిండుగా చేసిన ఐఎస్ఓ ప్లస్‌లో పట్టదు. ఓవర్‌బర్న్ చేయాలా అని అడిగితే కాదనండి. 4.2 దగ్గర ఆపమన్న మాట ఇక్కడా కాపాడుతుంది.

వెరిఫై దశలో ఎల్-ఈసీ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ వస్తే రాత పడింది కానీ చదవడానికి రావడం లేదని. డిస్క్ నాసి అయినా కావాలి, వేగం ఎక్కువైనా కావాలి. మిస్‌కంపేర్ అని వస్తే కథ వేరు. డిస్క్ హాయిగా చదవబడుతోంది, కానీ చదివింది ఐఎస్ఓతో సరిపోవడం లేదు. దారిలో ఎక్కడో అంకెలు మారాయి. ఖాళీ డిస్కులు మార్చి లాభం లేదు. యూఎస్‌బీ కేబుల్ మార్చండి, అయినా వస్తే ర్యామ్ పరీక్షించండి. ఈ రెండింటి తేడా తెలియక కట్టలకు కట్టలు డిస్కులు చెత్తబుట్టలో వేసేవాళ్లున్నారు. స్లిమ్ రైటర్లలో ఇంకో చిన్న చికాకు: వెరిఫైకి ముందు ట్రే బయటికి వస్తుంది, దానంతటది లోపలికి పోదు. చేత్తో నెట్టండి, అది ఎర్రర్ కాదు.

మీడియం నాట్ ప్రెజెంట్, ఇన్‌కంపాటిబుల్ మీడియం లాంటివి రెండు మాటల్లో తేలిపోతాయి: ట్రేలో డిస్క్ తిరగేసి ఉంది, లేదా అప్పటికే రాసిన డిస్క్ పెట్టారు, లేదా పాత రైటర్‌లో డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్క్ పెట్టారు. రైటర్ అసలు కనబడకుండా పోయి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 19 అనో 39 అనో ఉంటే మాత్రం, అది పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు మిగిల్చిన చెత్త. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో డీవీడీ డ్రైవ్‌ల కీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు వరుసలు తీసేసి రీస్టార్ట్ చేస్తే వస్తుంది. ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని చేయడం మంచిది.

లెన్స్ శుభ్రం చేయాలంటే నోటితో ఊదకండి, తుంపర పడి ఇంకా పాడవుతుంది. ఫొటో స్టూడియోల్లో కెమెరాకు వాడే రబ్బరు బ్లోయర్ చాలు. స్లిమ్ రైటర్‌లో ట్రే లాగితే లెన్స్ ఎదురుగానే కనబడుతుంది.

డిస్కుల్లో నిజంగా ఏ కంపెనీ తయారుచేసిందో అట్ట చెప్పదు, ఇమేజ్‌బర్న్ చెబుతుంది. ఖాళీ డిస్క్ పెట్టగానే కుడివైపు డిస్క్ ఐడీ, రాయగల వేగాలు చూపిస్తుంది. ఒకే బ్రాండ్ పేరుతో వేర్వేరు ఫ్యాక్టరీల సరుకు వస్తుంది కాబట్టి, బాగా రాసిన కట్ట ఐడీ రాసిపెట్టుకోండి. ఏడురోడ్ల దగ్గరి షాపులో యాభై డిస్కుల కట్ట కొనేముందు రెండు మూడు విడిగా అడిగి తెచ్చి ఐడీ చూసి, వెరిఫైతో సహా పరీక్షించడం తెలివైన బేరం. మన దేశంలో పెద్ద ఎత్తున డిస్కులు చేసిన మోజర్ బేర్ మూతపడింది కాబట్టి, ఆ పేరుతో ఇప్పుడు కనబడేది పాత నిల్వ అనుకోవాలి. ఎండలో, షాపు అద్దాల దగ్గర ఉంచిన కట్ట కొనకండి. రాసే పూత రసాయన రంగే, ఎండా వేడీ దాన్ని వాడేస్తాయి.

ప్లేయర్ వైపు చిక్కులకు మైనస్ ఆర్ డిస్కే సురక్షితం, పాత ప్లేయర్లు దాన్ని ఎక్కువగా ఒప్పుకుంటాయి. ప్లస్ ఆర్ వాడాల్సి వస్తే ఇమేజ్‌బర్న్‌లో బుక్‌టైప్‌ను (డిస్క్ ఏ రకమో చెప్పే గుర్తును) డీవీడీ-రోమ్‌కు మార్చే బటన్ ఉంది, రైటర్ ఒప్పుకుంటే అలా మార్చండి; ప్లేయర్ దాన్ని కంపెనీ డిస్క్ అనుకుని చదువుతుంది. చెరిపి మళ్లీ రాయగల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ పరీక్షకు మాత్రమే. విండోస్‌లో ఫోల్డర్‌ను లాగి డిస్క్ మీద వేసి, లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ అని ఎంచుకుంటే కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా ఆడదు. డ్యూయల్ లేయర్ డిస్క్‌కు వీడియో మధ్యలో ఒక పొర నుంచి ఇంకో పొరకు మారే చోటు సరిగ్గా పడాలి. అందుకు ఐఎస్ఓ కాకుండా జస్ట్ జనరేట్‌తో వచ్చిన వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను ఇమేజ్‌బర్న్‌కు ఇచ్చి, అది అడిగినప్పుడు చోటు ఎంచుకోవాలి. రెండు పొరల మధ్య మలుపు డిస్క్ బయటి అంచులో పడుతుంది కాబట్టి సినిమా సరిగ్గా నడుమన ఆగే ప్రమాదం ఉంది. దానికంటే రెండు మామూలు డిస్కులే నయం.

మార్కులు వేయాలంటే డీవీడీస్టైలర్‌కు ఐదుకు మూడున్నర. ఉచితం, మెనూలు మన చేతిలో ఉంటాయి. ఎర్రర్ మాటలు మాత్రం కొత్తవాళ్లకు అర్థం కావు, ఎన్‌కోడింగ్ నెమ్మది. ఇమేజ్‌బర్న్‌కు నాలుగున్నర. మిగిలిన అర మార్కు ఆ ఇన్‌స్టాలర్ తినేసింది. డబ్బులిచ్చి కొనే సాఫ్ట్‌వేర్లలో మెనూలు ఇంకా తళుకుగా ఉంటాయి, కానీ ఎర్రర్ వచ్చినప్పుడు ఇంత వివరంగా చెప్పేది అరుదు.

చివరగా, స్టూడియోల్లో అలవాటైన పని ఒకటి మానుకోవాలి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటోతో కాగితం స్టిక్కర్ డిస్క్ మీద అంటించడం. ఒక పక్క అర మిల్లీమీటరు జరిగినా డిస్క్ తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది, వేసవిలో జిగురు కరిగి అంచు లేస్తుంది, ప్లేయర్‌లో ఇరుక్కుంటుంది. ఫొటో కావాలంటే ఇంక్‌జెట్ ప్రింటబుల్ డిస్కులు తెచ్చి నేరుగా ముద్రించండి. లేదంటే డిస్క్ మీద సీడీ మార్కర్‌తో పేర్లు, తేదీ రాసి, ఫొటో కవర్ కాగితంలో పెట్టండి.